కోపం అలాగే ఉంటుంది, చెయ్యి ఆగుతుంది

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలే పల్లెల్లో పురుగుమందు డబ్బా చాలా ఇళ్లలో చేతికందే చోటే ఉంటుంది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ గురించి ఇక్కడ గట్టిగా మాట్లాడుకోవాలని నేననడం అందుకే. అయినవాళ్లు వదిలేస్తారన్న భయం, పట్టలేని కోపం, లోపలంతా ఖాళీ అనిపించడం, ఆ ఊపులో తమను తాము గాయపరచుకోవడం ఈ జబ్బు లక్షణాలు. దీన్ని నయం చేసే ప్రత్యేకమైన మాత్ర లేదు, మాటల చికిత్సే ముఖ్యం. ఊళ్లో మాత్రం గాలి సోకిందంటారు, లేదా నాటకాలాడుతోందంటారు. గాలి అనుకున్నవాళ్లు ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటారు, ఆ మొక్కుతో నాకు పేచీ లేదు. నాటకమన్న మాటే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ మాటకు చికిత్సతోనే జవాబు చెప్పినావిడ మార్షా లినెహన్. 1961లో, పదిహేడేళ్ల వయసులో, ఆమె అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక మానసిక వైద్యశాలలో చేరారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. తర్వాత సైకాలజిస్టు అయ్యి, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ, తయారుచేశారు. తన గతాన్ని 2011లో, తాను చేరిన ఆ ఆస్పత్రిలోనే నలుగురి ముందు చెప్పారు. ఆ చికిత్స రూపొందుతున్న రోజుల్లో, మారాలి మారాలి అని ఒత్తిడి పెడితే రోగులు తమ బాధ ఎవరికీ పట్టలేదని లేచి వెళ్లిపోయేవాళ్లు. ఉత్తి ఓదార్పుతో జీవితం కదిలేది కాదు. జెన్ బౌద్ధ సాధన నుంచి అంగీకారాన్ని తెచ్చి, మార్పు పక్కన దాన్ని కూర్చోబెట్టడం ఆమె చేసిన పెద్ద పని.

ఎమ్మిగనూరులో ఒక అమ్మాయి ఉందనుకుందాం. భర్త పనికి బెంగుళూరు పోయాడు. రాత్రి ఫోన్ ఎత్తలేదు. ఆ అమ్మాయి తనను తాను గాయపరచుకుంది. డీబీటీ తెలిసిన థెరపిస్టు మందలించదు, అడుగుతుంది.

"ఫోన్ ఎత్తనప్పుడు మొదట ఏమనిపించిందమ్మా?"

"నన్ను ఇడిసిపెట్టినాడనుకుంటి, మేడం."

"ఒంట్లో?"

"గుండె దడదడ కొట్టుకొనె. చేతులు వణికె."

"పొద్దున్నుంచీ ఎట్లున్నావు?"

"మా అత్త ఏందో అనె. అన్నం తిన్లా. ముందురోజు నిద్ర కూడా లేదు."

పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, తెగినచోటు వెతికి, ముడేసి మళ్లీ నేస్తాడు. ఈ ప్రశ్నల పని కూడా అదే. ముడి వేయాల్సిన చోట్లు ఇక్కడ నాలుగు కనిపిస్తున్నాయి. తిండి, నిద్ర లేని ఒళ్లు ఒకటి. దడ రెండోది: చల్లని నీళ్లలో ముఖం ముంచి కొద్ది క్షణాలు ఊపిరి బిగబడితే గుండె వేగం తగ్గుతుంది (గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా చేయకూడదు). "ఇడిసిపెట్టినాడు" అన్నది కళ్లారా చూసిందా, ఊహా అని విడదీయడం మూడోది. మర్నాడు భర్తతో తిట్టు లేకుండా, బతిమాలడం లేకుండా, "నువ్వు ఫోన్ ఎత్తకపోతే నాకు భయమేస్తుంది, పడుకునే ముందు ఒక్క మాట చెప్పు" అనడం నాలుగోది. వీటన్నిటికంటే ముందు థెరపిస్టు అనాల్సింది ఒకటుంది: "అంత భయమేస్తే ఎవరికైనా కష్టమేనమ్మా." ఈ మాట మనస్ఫూర్తిగా అనలేని థెరపిస్టు చేతిలో మిగతా పద్ధతులు పనిచేస్తాయని నేననుకోను.

డీబీటీలో రోజూ రాత్రి ఒక కార్డు మీద ఆ రోజు కోపమెంత, బాధెంత, ఏ ఉపాయం వాడిందీ రాసుకోవాలి. వారం వారం థెరపిస్టు ముందుగా చూసేది ఆ కార్డునే.

మరి మనసు మారుతుందా? లినెహన్ 1991లో ప్రచురించిన మొదటి పరీక్షలో, ఏడాది చికిత్స తర్వాత గాయపరచుకోవడం, ఆస్పత్రిలో గడిపిన రోజులు మామూలు చికిత్స పొందినవాళ్లకంటే తగ్గాయి. దిగులు, నిరాశల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొందరు దీన్ని లోపమంటారు. నాకైతే అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది: ముందు చెయ్యి ఆగుతుంది, మనసు వెనక నుంచి వస్తుంది. పరిశోధకురాలు మేరీ జానరినీ బృందం ఈ జబ్బున్న 290 మందిని ఏళ్ల తరబడి గమనించినప్పుడూ గాయపరచుకోవడం త్వరగా తగ్గింది, కోపం, ఖాళీతనం చాలాకాలం నిలిచాయి. పదేళ్లలో 93 శాతం మందికి జబ్బు లక్షణాలు కనీసం రెండేళ్లపాటు సద్దుమణిగాయి. అయితే ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా కుదుటపడినవాళ్లు సగం మందే. ఆరునెలలకే "ఇంకా కోపం పోలేదే" అని చికిత్స మాన్పించే ఇంటివాళ్లకు ఈ లెక్క తెలియాలి.

పూర్తి డీబీటీ అంటే ఏడాది పాటు వారానికొకసారి థెరపిస్టుతో విడిగా, ఇంకోసారి గుంపులో కూర్చోవాలి. కోసిగి, కౌతాళం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరుకు సుగ్గికి, అంటే వలసకు, పోయే కుటుంబానికి అది జరిగే పని కాదు. కర్నూలు పెద్దాస్పత్రికి వారం వారం బస్సు ఛార్జీలూ, పోగొట్టుకునే కూలీ ఎవరిస్తారు? కానీ కష్టం ముంచుకొచ్చిన క్షణంలో థెరపిస్టుకు ఫోన్ చేసి ఏం చేయాలో అడగడం డీబీటీలో మొదటినుంచీ భాగమే. ఆ భాగాన్ని పెంచి, ఉపాయాలను తెలుగులో నేర్పితే సుగ్గికి పోయినవాళ్లకూ చికిత్స తెగకుండా సాగుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం చేయదగ్గ పని ఇది.

అది వచ్చేలోగా ఇంటివాళ్లు పురుగుమందును చేతికందే చోట కాకుండా తాళం వేసిన పెట్టెలో, తాళంచెవి వేరొకరి దగ్గర పెట్టవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ రాత్రయినా ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.