మదర్‌బోర్డు మార్గదర్శిని: చెప్పినవీ, చెప్పనివీ

కంప్యూటరు భాగాలను విడిగా కొని కూర్చుకొనేవారికి మదర్‌బోర్డుతోపాటు ఒక చిన్న పుస్తకం లభిస్తుంది. బోర్డును పెట్టెలో ఎట్లా బిగించవలెనో, ఏ తీగ ఎక్కడ తగిలించవలెనో అందులో బొమ్మలతో చూపుతారు. పాఠశాలలో ఈ పని చేసి చూపే ఉపాధ్యాయునికి చాలాసార్లు అదే గురువు. అయితే ఆ గురువు "ఇట్లు చేయుము" అనడమే తప్ప "ఎందుకు" అన్న ప్రశ్న జోలికి పోడు.

నిజానికి సగం పాఠం ప్లగ్గుల ఆకారమే చెబుతుంది. 1980ల నాటి ఐ.బి.ఎం. తరహా యంత్రాలలో బోర్డుకు విద్యుత్తునిచ్చే ప్లగ్గులు రెండు పక్కపక్కనే ఉండేవి. రెండింటి నల్లతీగలూ మధ్యకు రావలెనన్నది ఆనాటి పనివారి కంఠస్థ సూత్రం. తారుమారైతే బోర్డు పాడయ్యేది. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణంతో 20 పిన్నుల ఒకే ప్లగ్గు వచ్చింది. తరువాత అది 24 పిన్నులదైంది. దాని గళ్ళలో కొన్ని చతురస్రాలు, కొన్ని మూలలు చెక్కినవి. తిప్పి పెడితే దూరదు.

కనుక పుస్తకం నోరు విప్పవలసినది ఆకారం కాపాడని చోట. పెట్టెలో బోర్డు కింద బిగించే ఇత్తడి కాళ్ళనే చూడండి. బోర్డుకు రంధ్రం లేనిచోట ఒక కాలు మిగిలిపోతే, అది వెనుకవైపు టంకపు చుక్కలను తాకి షార్ట్ సర్క్యూట్ కలిగిస్తుంది. బొమ్మలో కాళ్ళ స్థానాలుంటాయి. ఈ కారణం ఉండదు. ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు పోయే 8 పిన్నుల ప్లగ్గులు చూపులకు కవలలే. కాని ఒకదానిలో 12 వోల్టుల వరుస ఉన్నచోట రెండవదానిలో ఎర్తు వరుస ఉంటుంది. బలవంతంగా నొక్కినవానికి ఈ సంగతి ముందే తెలిసి ఉండవలసింది. ముందువైపు దీపాల తీగలు తిరగబడితే దీపం వెలగదు, అంతే. స్విచ్చి తీగలకు ఆ బాధ కూడా లేదు.

మరొక లోపం ప్రాంతానికి సంబంధించినది. ఈ పుస్తకాలు స్థిర విద్యుత్తును గూర్చి మొదటనే హెచ్చరిస్తాయి. పొడిగాలి దేశాలకు, ఏ.సి. గదులకు అది న్యాయమే. నెల్లూరు తీరాన కృష్ణపట్నం వంటి చోట తేమగాలి ఆ విద్యుత్తును అంతగా కూడనివ్వదు. అక్కడి శత్రువు ఉప్పు. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని తేమను పీల్చి ద్రావణమవుతుంది. జాడీలో కల్లుప్పు నీరు కారడం ఇల్లాండ్రకు తెలిసినదే. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడుకు అంతకన్న చాలా తక్కువ తేమ చాలు. ఫ్యాను లోనికి లాగిన ఉప్పుధూళి పిన్నుల నడుమ చేరి చెమ్మగిల్లితే, అదే విద్యుద్వాహకం. వోల్టేజి ఉన్నచోట రాగిని తినివేస్తుంది.

కంప్యూటరు ఆపినంత మాత్రాన ఆ వోల్టేజి పోదు. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపు 5 వోల్టుల నిరీక్షణ విద్యుత్తు బోర్డులో నిలిచే ఉంటుంది. నడిచే యంత్రం తన వేడితో పొడిగా ఉంటుంది. సెలవులలో మూలపడిన యంత్రానికి ఆ రక్షణ లేదు. తీరపు పాఠశాలలలో సెలవులకు ముందు ప్లగ్గు పీకివేయడం, ఖాళీ రంధ్రాలకు రేకులు బిగించడం, పెట్టెను సముద్రంవైపు కిటికీకి దూరంగా ఉంచడం పెద్ద ఖర్చులు కావు. ఈ మూడు మాటలకు పుస్తకంలో అరపేజీ చాలు.