ఇరవై మీటర్లు

మహారాష్ట్రలోని తడోబా అడవిలో తెల్లవారుజామున గేటు తెరవగానే లోపలికి వెళ్లే మొదటి జిప్సీకి ఒక లాభం ఉంది. బాట మీద దుమ్మును రాత్రంతా ఏ బండీ తొక్కి ఉండదు. నిన్న సాయంత్రపు టైరు గుర్తు మీద పులి అడుగు పడి ఉంటే అది రాత్రి నడిచిందని గైడు చెప్పేస్తాడు. అడుగు అంచు చెదరకుండా, దాని మీద పురుగు పాకిన గీత కూడా లేకుండా ఉంటే ఇంకా తాజాదన్నమాట. మగపులి పాదం దాదాపు చదరంగా, ఆడపులిది కాస్త పొడవుగా పడుతుంది. ఎండాకులు గలగలలాడే నేల కంటే మెత్తటి మట్టిబాటే పులికి సుఖం కాబట్టి ఈ జాడ ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ఒకప్పుడు దేశంలో పులుల లెక్క కూడా ఇలా అడుగులు చూసే కట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమైన సంగతి 2005లో బయటపడ్డాక ఆ పద్ధతి పోయి, చారలను బట్టి ఒక్కో పులిని గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి. గైడు మాత్రం ఇప్పటికీ ముందు నేల వైపే చూస్తాడు.

తడోబా 1955లో నేషనల్ పార్కు అయింది. మహారాష్ట్రలో ఇదే మొదటిది. తర్వాత పక్కనున్న అంధారి అభయారణ్యాన్ని కలిపి టైగర్ రిజర్వు చేశారు. కోర్ ప్రాంతం సుమారు 625 చదరపు కిలోమీటర్లు. టేకు, వెదురు, ఇప్ప, తునికి: ఆదిలాబాద్ వాళ్లకు అన్నీ తెలిసిన చెట్లే. పులితో తలపడి చనిపోయాడని గోండులు చెప్పుకునే తారు అనే ఊరిపెద్ద ఇక్కడ దేవుడయ్యాడు. అడవికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. చెరువు గట్టున ఆయన గుడి ఉంది.

అడుగులు రాత్రి సంగతి చెబుతాయి. ఇప్పటి సంగతి కావాలంటే ఇంజన్ ఆపి, పులిని పసిగట్టిన జంతువుల అరుపులు వినాలి. కొమ్మ మీది కొండముచ్చుకు దూరం కనిపిస్తుంది, కింద మేసే చుక్కల దుప్పికి వాసన తెలుస్తుంది. కొండముచ్చు కొరికి పడేసే ఆకుల కోసం దుప్పులు ఆ చెట్టు కిందే చేరతాయి, అలా రెండింటికీ కాపలా కుదిరింది. దుప్పి కంటికి నారింజ రంగు తెలియదు. మనకు నిప్పులా కనిపించే పులి దానికి పచ్చగడ్డిలో కలిసిపోతుంది. అందుకేనేమో దాని అరుపుకు అంత పరువు లేదు, ఆకు కదిలినా అరుస్తుంది. కణుజు అలా కాదు. అది తోక నిలబెట్టి, కాలు నేలకేసి కొట్టి, ఢాంక్‌మని అరిచిందంటే డ్రైవరు తాళం తిప్పుతాడు. అరుపు ఆగిపోతే పులి వెళ్లిపోయిందనైనా కావచ్చు, గడ్డిలో పడుకుందనైనా కావచ్చు. బండిలో వాళ్లు విసుక్కుని పోదాం అనేది సరిగ్గా అప్పుడే.

పులి ఎటు నడుస్తోందో, బాటను ఎక్కడ దాటుతుందో ఊహించి ముందే వెళ్లి దూరంగా ఆగడం ఈ విద్యలో కష్టమైన భాగం. వెంటపడిన బండికి వీపే దక్కుతుంది. ఆగి ఉన్న బండి పక్కగా మాత్రం పులి తన దారిన తాను నడిచిపోతుంది. పోతూ పోతూ చెట్టు మొదట్లో మూత్రం చిమ్మితే బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన వస్తుంది. రెండింటిలోనూ పరిమళమిచ్చే పదార్థం ఒకటేనని శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి పరిశోధనల్లో తేలింది. ఎంత ఖరీదైన కెమెరాకూ చిక్కని సంగతి ఇది.

ఏప్రిల్, మే నెలల్లో పని తేలిక. తడోబా ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు నీటిగుంట దగ్గర ఓపికగా ఉంటే చాలు. పులి తరచూ వెనక్కి నడుస్తూ నీళ్లలోకి దిగుతుంది, ముఖం తడవకుండా మెడ దాకా మునిగి కూర్చుంటుంది. అడవిదున్నలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు కూడా అక్కడికే వస్తాయి. పులి కోసమే వచ్చినవాళ్లు వీటిని చూసీ చూడనట్టు దాటిపోతారు. నిద్రపోయే పులి కంటే దుప్పిని తరిమే రేచుకుక్కల మంద ఎంతో చూడదగ్గ దృశ్యం, కానీ ఊరికి వెళ్లి చెప్పుకోవడానికి అది పనికిరాదు.

2012లో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో సఫారీలను కొన్ని నెలలు ఆపింది. ఆ ఏడాదే వచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకులకు తెరవకూడదు. జంతువుకు కనీసం 20 మీటర్లు, బండికీ బండికీ మధ్య 50 మీటర్లు దూరం ఉండాలి. కాగితం మీద ఇది చాలా దూరం. 2024 డిసెంబరు 31న నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్ కర్హండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులినీ దాని పిల్లలనూ జిప్సీలు రెండు వైపులా అడ్డగించాయి. ఆ దృశ్యాలు బయటికి వచ్చాక బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది.

బండిలోని మనుషులను పులి విడివిడిగా లెక్కపెట్టదని, బండంతా దానికి ఒకే ఆకారమని గైడులు అంటారు. లేచి నిలబడవద్దని, దిగవద్దని చెప్పేది అందుకే. ఈ ఏర్పాటు గేటు లోపలిది. రెండేళ్ల వయసులో తల్లిని వీడిన తడోబా పులులు కొన్ని కొత్త నేల వెతుక్కుంటూ, నదులు దాటి తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవుల్లోకి దిగుతాయి. అక్కడ పత్తి చేలు అడవిని ఆనుకునే ఉంటాయి. 2020లోనూ 2024లోనూ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేనులో పత్తి ఏరుతున్నవాళ్లు పులి దాడిలో చనిపోయారు. వంగి ఏరే మనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడని చెబుతారు. అక్కడి జనానికి అటవీ శాఖ తల వెనక తగిలించుకునే మాస్కులు పంచింది. పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి, వెనక కూడా రెండు కళ్లు దాన్ని చూస్తున్నట్టు ఉండాలని.