మాన్ పేజీకి మరమ్మతు

లినక్స్ టెర్మినల్‌లో ‘మాన్’ అని కొట్టి పక్కన కమాండ్ పేరు ఇస్తే, దాని వాడుక చెప్పే పేజీ తెర మీదికి వస్తుంది. ఈ ఆనవాయితీ యూనిక్స్‌ నాటిది. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తెచ్చిన మొదటి మాన్యువల్‌లోనే ‘బగ్స్’ అనే శీర్షిక ఉంది. తమ ప్రోగ్రాము ఎక్కడ తడబడుతుందో రాసినవాళ్లే ఒప్పుకునే చోటు అది. సరుకు అమ్ముకునేవాళ్లు అలాంటి శీర్షిక పెట్టరు.

చిక్కేమిటంటే, కోడ్ మారినంత త్వరగా పేజీ మారదు. తప్పు కోడ్ ఎప్పుడో ఒకప్పుడు కూలి బయటపడుతుంది. తప్పు పేజీ నోరెత్తదు. కిందటేటి పంచాంగం చూసి ముహూర్తం పెట్టినట్టు, జనం దాన్ని నమ్మి ప్రోగ్రాములు రాసుకుంటూ పోతారు.

లినక్స్‌లో యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ‘ర్యాండమ్’, ‘యుర్యాండమ్’ ఫైళ్ల సంగతే చూడండి. ఎన్‌క్రిప్షన్ కీలకు మొదటిదే తగినదని మాన్ పేజీ చాలాకాలం చెప్పింది. కానీ చాలినంత యాదృచ్ఛికత పోగవలేదని సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ లెక్కగడితే, ఆ ఫైలు చదివే ప్రోగ్రాము అక్కడే ఆగిపోయేది. సిస్టమ్ ఒకసారి నిలదొక్కుకున్నాక రెండో ఫైలైనా కీలకు సరిపోతుంది. ఆ ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. 2014లో 3.17 కెర్నల్‌తో ‘గెట్‌ర్యాండమ్’ అనే సిస్టమ్ కాల్ వచ్చింది. మామూలుగా వాడితే అది బూట్ మొదట్లో తప్ప ఆగదు. ఆ తర్వాత పేజీని తిరగరాసి, మొదటి ఫైలును పాతబడ్డ పద్ధతుల్లో చేర్చారు. 2020లో 5.6 కెర్నల్ ఆ ఫైలును కూడా బూట్ మొదట్లోనే ఆగేలా మార్చింది. పేజీకి మళ్లీ పని పడింది.

దిద్దేవాళ్లు ముందు పట్టుకునేది కలం కాదు, కోడ్. కెర్నల్ సోర్స్ చదివి, చిన్న పరీక్ష ప్రోగ్రాము రాసి నడిపి చూస్తారు. ఒక ప్యాచ్‌లో ఒకే దిద్దుబాటు. ఏ వెర్షన్‌లో ఏం మారిందో, ఎలా తేలిందో పక్కనే వివరణ. పాత వాక్యాన్ని చెరిపేయడం తేలిక, కానీ చాలాసార్లు అది పొరపాటు. పాత కెర్నళ్లు ఇంకా ఎక్కడో నడుస్తూనే ఉంటాయి కనుక ‘లినక్స్ 5.6 నుంచి’ అని హద్దు గీసి, రెండు కాలాల ప్రవర్తననూ ఉంచాలి.

యూనిక్స్ తరహా సిస్టమే అయిన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లది ఇంకా కఠినమైన పట్టు: పేజీలో తప్పు కూడా బగ్గే, కోడ్ మారితే పేజీ దానితోపాటే మారాలి. నాకు నచ్చింది ఈ పద్ధతే. వాళ్ల ‘మాండాక్’ పరికరం పేజీ రాతలో లోపాలు పట్టిస్తుంది గానీ, చెప్పింది నిజమో కాదో దానికేం తెలుసు? పేజీ అడుగున ఉండే తేదీనీ పూర్తిగా నమ్మకూడదు; కామా దిద్దినా అది మారుతుంది.

పేజీ ఉండి, వస్తువు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ‘గెట్స్’ అనే సీ ఫంక్షన్‌కు ఎంత పొడవు వరకు చదవాలో చెప్పే వీలు లేదు. 1988లో మోరిస్ వార్మ్ అనే హానికర ప్రోగ్రాము ఆ సందులోంచే ‘ఫింగర్’ సర్వర్లలోకి దూరింది. 2011 సీ ప్రమాణం దాన్ని తొలగించింది. లినక్స్ మాన్యువల్ మాత్రం దాని పేజీని తీసేయలేదు. ఎన్నడూ వాడొద్దని బగ్స్ కింద రాసి, అలాగే ఉంచింది.