చొరవ నేర్పే పద్ధతి

జట్టు ఆటల్లో పిల్లలకు అలవడవలసిన గుణాన్ని చాలామంది శిక్షకులు దూకుడు అంటారు గానీ, దానికి సరిపోయే మాట చొరవ. బంతి తన దగ్గరకు రావాలని నోరు తెరిచి అడగడం, వచ్చాక ఏం చేయాలో తానే నిర్ణయించుకోవడం, ఆ నిర్ణయం బెడిసికొట్టినా మరుక్షణం మళ్లీ బంతిని అడగడం చొరవ అవుతుంది.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే ఫుట్‌బాల్ టర్ఫ్‌లపై, అంటే చుట్టూ వల కట్టిన కృత్రిమ పచ్చిక మైదానాలపై, ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది. బంతి కాలికి తగలగానే పదేళ్ల పిల్లవాడి చూపు గీత అవతల కేకలు వేస్తున్న తండ్రి వైపు తిరుగుతుంది. ఆ క్షణంలోనే ప్రత్యర్థి బంతిని లాక్కుపోతాడు. దీన్ని పిరికితనం అనడం అన్యాయం. తప్పు చేస్తే మాట పడవలసి వస్తుందన్న జంకు అది.

ఈ జంకును ఆట నియమాలతోనే పోగొట్టవచ్చునని చూపినవాడు హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తట్టుకుంటూ ఒక్కడే ముందుకు తీసుకుపోవడం, నిషేధించిన పోటీలను, వాటంలేని కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నడిపాడు. మొదటి పద్ధతిలో నేర్పరి బంతిని అట్టిపెట్టుకోలేడు కనుక అది బిడియస్థుడి దాకా వచ్చి తీరుతుంది. రెండో దానిలో అందరూ సమానంగా తడబడతారు కనుక ఎవరి తప్పూ నవ్వులపాలు కాదు. పిల్లల శిక్షణకు ఇంతకన్నా సూక్ష్మమైన ఉపాయం అరుదు.

ఆటగాళ్లపై ఆయన నమ్మకం ఎంతటిదో 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తేలింది. తలకు కుట్లు పడిన డిఫెండర్, అంటే గోల్‌ను కాచే వెనుక వరుస ఆటగాడు, జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసకు పంపాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లో భారత్ రెండో గోల్ జర్నైల్‌దే.

ఐటీ కారిడార్‌లోని శిక్షకులు వారానికి ఒక్క పూటైనా పిల్లలను వాటంలేని కాలితో ఆడించాలి, ఆ పూట తల్లిదండ్రులు గీత అవతల మౌనంగా కూర్చోవాలి.