కంచులో పుట్టిన అక్షరము

అచ్చక్షరమునకు గుణదోషవిచారణ యేల, గ్రంథమందలి విషయము చాలదా యని కొందఱడుగవచ్చును. చాలదు. చదువరి కన్ను ముందుగా తాకునది అక్షరరూపమే. అది వికారమైనచో మంచిమాటయు మొగము మాడ్చుకొని నిలిచినట్లుండును.

ఇంగ్లీషు అచ్చులోని ‘ఆల్బర్టస్’ ఇట్టి విచారణకు తగినది. దీనిని రచించిన బెర్తోల్డ్ వోల్పె 1905లో జర్మనీలోని ఆఫెన్‌బాఖ్‌లో జన్మించెను. రూడాల్ఫ్ కోఖ్‌కు శిష్యుడు, లోహపుపని నేర్చినవాడు. అతని కంచుఫలకములపై అక్షరములను ఛాయాచిత్రములలో చూచి, 1932లో మోనోటైప్ సంస్థ సలహాదారు స్టాన్లీ మారిసన్ అతనికి ఈ పని యప్పగించెను. పదమూడవ శతాబ్దపు తత్త్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ పేరు దీని కిడిరి. పెద్దక్షరములు ముందుగను, చిన్నవి పిమ్మటను వెలువడి, 1940 నాటికి పని ముగిసెను.

సాధారణముగా రోమన్ అక్షరముల గీతల కొసలయందు సన్నని అడ్డుపాదములుండును. ఇందు పాదములు వేఱుగా అతికినట్లు కానరావు. గీతయే కొసకు పోవుకొలది మెల్లగా వెడల్పై పదునుగా ముగియును. ఇది వట్టి సోకు కాదు. వోల్పె అక్షరమును లోనికి త్రవ్వక, చుట్టునున్న లోహమును తొలగించి ఉబ్బెత్తుగా నిలిపెడివాడు. ఉలి వెలుపలినుండి పనిచేయుటచే రూపము నిరాడంబరమై, బలమై, అంచులందు మాత్రము చుఱుకుదనము నిలుపుకొనెను. పనిముట్టునుండి పుట్టిన అలంకారము అక్షరమునకు భారము కాదు.

దోషములును లేకపోలేదు. పెద్ద ‘యూ’ చిన్న ‘యూ’ను పోలియుండుట కొందఱికి వింతగా తోచును. పుటలకొలది వచనము దీనిలో కూర్చినచో, ప్రతి పలుకును శాసనమువలె గంభీరమై చదువరిని అలయించును. గ్రంథనామము, అధ్యాయశీర్షిక, వీథిఫలకము, ఇవియే దీనికి తగిన చోట్లు. ఉచ్చస్వరమున పలుకవలసినదానిచే గుసగుసలాడించుట కూర్పరి తప్పే కాని అక్షరము తప్పు కాదు.

యూదుడగుటచే వోల్పె 1935లో నాజీల జర్మనీని వీడి ఇంగ్లండు చేరెను. 1940లో, యుద్ధకాలమున, ఆ ప్రభుత్వమే అతనిని శత్రుదేశీయునిగా నెంచి ఆస్ట్రేలియాలోని నిర్బంధశిబిరమునకు పంపెను. 1941లో తిరిగివచ్చి ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణసంస్థలో చేరి, 1975వఱకు 1500 పైచిలుకు గ్రంథములకు పైఅట్టలు రచించెను. వానిలో పెక్కింట ఈ యక్షరమో, అతని చేతివ్రాతయో కానవచ్చును. 1989లో మరణించెను.

నేడు లండనులో ‘సిటీ’ యనబడు పురాతనభాగమునందలి వీథుల పేర్లు ఆల్బర్టస్‌లోనే వ్రాయబడుచున్నవి. ఒకనాడు పరాయివాడని త్రోసివేయబడినవాని చేతి యక్షరమే, ఆ నగరమున త్రోవ తెలియనివారికి త్రోవ చూపుచున్నది. కళకు జాతి యడుగువారికి ఇంతకుమించిన సమాధానమేల?