‘చిల్లర దేవుళ్లు’ నవలలో చెడు: స్వభావమా, స్థానమా?

మనిషి పుట్టుకతోనే చెడ్డవాడా అన్న ప్రశ్న వచ్చినప్పుడు విమర్శకులు తరచుగా ఉదాహరించే రచన విలియం గోల్డింగ్ 1954లో వెలువరించిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’. పెద్దలు లేని దీవిలో చిక్కుకున్న ఆంగ్ల బాలురు క్రమంగా వేటగాళ్లై, తోటివారినే చంపే స్థితికి చేరుతారు. చట్టం, బడి, ఇల్లు తొలగిస్తే మిగిలే మనిషి ఎవరన్నది అక్కడి పరీక్ష. ఇదే ప్రశ్నను ఎదురు దిశ నుంచి పరిశీలించడానికి తెలుగులో దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ అనువైన నవల.

రంగాచార్య (1928–2015) సికింద్రాబాద్ పురపాలక సంస్థలో దీర్ఘకాలం ఉద్యోగం చేశారు. ఆ కాలంలోనే ఈ నవల వెలువడింది. కథాస్థలం మాత్రం 1948 నాటి పోలీసు చర్యకు పూర్వపు తెలంగాణ పల్లె. గోల్డింగ్ దీవిలో లేనిదంతా ఈ పల్లెలో ఉంది. దేశముఖు ఉన్నాడు, కరణం ఉన్నాడు, కులాల వారీగా వెట్టి ఉంది, పైన నిజాం ప్రభుత్వం ఉంది. ఈ ఏర్పాటంతా సక్రమంగా నడుస్తున్నందువల్లనే ఊరు నలిగిపోతోంది.

దొర పాత్రచిత్రణ ఈ దృష్టితో గమనార్హం. ఆంధ్ర ప్రాంతం నుంచి బతుకుదెరువు వెదుక్కుంటూ వచ్చిన సంగీతకారుడు పాణికి గడీలో ఆశ్రయం దొరుకుతుంది. పాటను ఆదరించగల మనిషే వెట్టి చేయించుకుంటాడు. రచయిత అతనిని రాక్షసునిగా చిత్రించి ఉంటే పాఠకుని పని సులువయ్యేది. మంజరి దొర కూతురు. వనజ అదే గడీలోని ఆడబాప. ఒకే కప్పు కింద, ఇంచుమించు ఒకే ఈడులో ఉన్న ఈ ఇద్దరిలో ఒకరు వాత్సల్యానికి పాత్రురాలు, మరొకరు అనుభవించవలసిన వస్తువు. క్రౌర్యం స్వభావమే అయితే అది గడప దగ్గర ఇంత కచ్చితంగా ఆగిపోవడం ఎలా సాధ్యం? దొరకు ఎక్కడ దయ చూపాలో తెలుసు. ఎక్కడ చూపనక్కరలేదో ఆ స్థానమే అతనికి నేర్పింది.

అయితే ఈ వాదం కరణం వెంకట్రావు దగ్గర కొంత తడబడుతుంది. దొరకున్నంత బలం అతనికి లేదు. కలం, లెక్క, కుయుక్తి అతని సాధనాలు. అతని లోభానికి నవల చూపే నేపథ్యం పలుచన. అందువల్ల అతడు జిత్తులమారి కరణం అన్న పాత మూసకు దగ్గరవుతాడు. స్థానం మనిషిని మలచే తీరును దొర విషయంలో అంత ఓపికగా చూపిన రచయిత, కరణం విషయంలో పుట్టుబుద్ధి అన్న వివరణకే వదిలేశాడనిపిస్తుంది. నవలలోని బలహీనత ఇదే.

చెడు స్వభావమన్న తీర్పులో ఒక సౌలభ్యం ఉంది. దానిని అంగీకరిస్తే వెట్టికి బాధ్యులెవరూ ఉండరు. ఆడబాప బతుకు మానవసహజమైన దురదృష్టంగా మిగులుతుంది. దొర సంతతివారు కూడా ఆ మాటతో నిశ్చింతగా ఉండవచ్చు. చెడు స్థానంలోనే ఉందంటే అడగవలసిన ప్రశ్నలు మారుతాయి: ఆ స్థానాన్ని ఎవరిచ్చారు, ఎవరు కాపాడారు? గోల్డింగ్ నవల చివర పిల్లలను రక్షించడానికి వచ్చిన నౌకాదళాధికారి తానే ఒక యుద్ధంలో ఉన్నాడు. దీవి బయట వ్యవస్థ ఏమి చేస్తున్నదో ఆ నవల అంతటితో వదిలేస్తుంది. రంగాచార్య కథ నడిచేదంతా ఆ బయటనే.