ముందు పెన్‌డ్రైవ్‌ని అనుమానించండి

విండోసో లైనక్సో వేద్దామని పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేస్తే, అది ఆ పెన్‌డ్రైవ్ ఊసే పట్టనట్టు నేరుగా పాత విండోస్‌లోకి వెళ్లిపోతుంది. అప్పుడు చాలామంది బయోస్‌లోకి దూరి సెక్యూర్ బూట్ ఆపేస్తారు, లెగసీ మోడ్ పెడతారు, ఫాస్ట్ బూట్ తీసేస్తారు, బూట్ ఆర్డర్ మారుస్తారు, అన్నీ ఒక్క ఊపులో. పని జరిగితే దేనివల్ల జరిగిందో తెలియదు. జరగకపోతే అంతకుముందు ఏ సెట్టింగ్ ఎలా ఉండేదో గుర్తుండదు. ఈ పద్ధతి తప్పని నా వాదన. లాప్‌టాప్ మీద చెయ్యి వేసేముందు పెన్‌డ్రైవ్ సరిగ్గా తయారైందో లేదో తేల్చుకోవాలి. ఆ తర్వాత బూట్ ఎక్కడ ఆగిందో చూసి, దానికి సంబంధించిన సెట్టింగ్ ఒక్కటే మార్చాలి.

లాప్‌టాప్ పెన్‌డ్రైవ్‌లో ఏం వెతుకుతుందో తెలిస్తే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్ పద్ధతిలో, అంటే ఇప్పుడు లెగసీ అనేదానిలో అయితే డ్రైవ్‌లోని మొదటి 512 బైట్లు చదివి, అక్కడున్న చిన్న ప్రోగ్రామ్‌ని నడిపిస్తుంది. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉన్న యూఈఎఫ్‌ఐ అలా చెయ్యదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన భాగం కోసం చూస్తుంది, అందులో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64.ఈఎఫ్‌ఐ అనే ఫైల్ ఉన్నాయా అని చూస్తుంది. అంతే. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైల్‌ని సినిమా కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలితే ఆ ఫోల్డర్లు ఉండవు, ఐఎస్‌ఓ కడుపులో ఉండిపోతాయి. పోనీ విప్పి కాపీ చేద్దామంటే ఇంకో చిక్కు: ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, విండోస్ ఇన్‌స్టాలర్‌లోని ఇన్‌స్టాల్.విమ్ అనే ఫైల్ తరచూ దాటుతుంది. అందుకని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేస్తే ఫైల్ పడుతుంది కానీ, ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం రాని లాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. వాటి లెక్కలో అది ఖాళీ డ్రైవే. రూఫస్ లాంటి టూల్ ఈ చిక్కు విప్పడానికే పెన్‌డ్రైవ్ చివర ఒక బుల్లి ఫ్యాట్ భాగం చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవగల డ్రైవర్‌ని అందులో పెడుతుంది. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా లాప్‌టాప్ తప్పు ఏమీ లేదు. బయోస్‌లో ఎంత వెతికినా దొరకదు.

పెన్‌డ్రైవ్ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి మరో లాప్‌టాప్‌లో పెట్టి చూడటం మంచి పరీక్షే, కానీ ఒక్క మెలిక ఉంది. ఆ రెండోది పాత లెగసీ పద్ధతిలో బూట్ అయ్యేదైతే, అందులో నడిచినంత మాత్రాన మీ కొత్తదానిలో నడవాలని లేదు. అందుకే బూట్ మెనూని ఓపిగ్గా చదవాలి. ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, కంపెనీని బట్టి ఏదో ఒక కీ ఆ మెనూ తెస్తుంది. పెన్‌డ్రైవ్ పేరే అందులో లేకపోతే డ్రైవ్ తయారీనో, యూఎస్‌బీ పోర్టునో, యూఎస్‌బీ బూట్ ఆపేసిన సెట్టింగ్‌నో చూడాలి. కీ నొక్కే వ్యవధి కూడా ఇవ్వకుండా విండోస్ వచ్చేస్తుంటే, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి 'యూజ్ ఎ డివైస్' ఎంచుకుంటే చాలు. పేరు కనిపించి, ఎంచుకోగానే మళ్లీ మెనూకే వస్తే ఆ ఈఎఫ్‌ఐ ఫైల్ లేకపోవచ్చు, లేదా పాడై ఉండవచ్చు. సంతకం, సెక్యూరిటీ అంటూ ఏదైనా సందేశం వస్తే అప్పుడు మాత్రమే, నమ్మదగిన సంతకం లేని బూట్ ప్రోగ్రామ్‌ని ఆపే సెక్యూర్ బూట్ జోలికి వెళ్లాలి. ఇన్‌స్టాలర్ లోగో వచ్చి ఆగిపోతే బూట్ అయినట్టే, అది వేరే రోగం.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పొద్దస్తమానం లాప్‌టాప్‌లు బాగుచేసేవారు దీనికి ఒప్పుకోకపోవచ్చు. సెక్యూర్ బూట్ తీసి లెగసీ పెడితే రెండు నిమిషాల్లో తేలేదానికి ఇంత పరిశోధన ఎందుకంటారు. డిస్కు మొత్తం తుడిచేయడానికే తెచ్చిన లాప్‌టాప్ అయితే వారి మాటలో న్యాయం ఉంది. కానీ లోపల డేటా ఉన్నప్పుడు లెక్క మారుతుంది. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాక డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఆ సంగతి యజమానికి తెలియకపోవచ్చు కూడా. సెక్యూర్ బూట్ మార్చిన మరుక్షణం విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ఆ అకౌంట్‌లో దొరుకుతుంది, అకౌంటే గుర్తులేనివారికి ఫొటోలూ సర్టిఫికెట్లూ అందకుండా పోవచ్చు. యూఈఎఫ్‌ఐలో వేసిన విండోస్ లెగసీ మోడ్‌లో లేవదు కనుక, బాగున్న డిస్కు కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. రెండు నిమిషాలు మిగుల్చుకోబోయి ఇంత ప్రమాదం తలకెత్తుకోవడం నాకు సమ్మతం కాదు.

అయితే ఒక్కోసారి దోషం నిజంగా సెక్యూర్ బూట్‌దే. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత విండోస్, లైనక్స్ రెండూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లైనక్స్ లేవలేదు, పాత లైనక్స్ పెన్‌డ్రైవ్‌లూ బూట్ కాలేదు. నిన్నటిదాకా నడిచిన పెన్‌డ్రైవే, అందులో ఒక్క బైటూ మారలేదు. భద్రతా లోపాలున్న పాత బూట్ ప్రోగ్రామ్‌లను ఇక నమ్మవద్దని ఆ అప్‌డేట్ లాప్‌టాప్‌కి చెప్పింది. అలాంటప్పుడు రికవరీ కీ చేతిలో పెట్టుకుని సెక్యూర్ బూట్‌ని కాసేపు ఆపడమో, కొత్త ఐఎస్‌ఓతో పెన్‌డ్రైవ్ మళ్లీ చేసుకోవడమో సరైన పనే. కానీ ఆ కారణం బయటపడింది ఎలా? తెర మీద, అలాంటి పాత ప్రోగ్రామ్‌లను పట్టుకునే 'ఎస్‌బీఏటీ' తనిఖీ విఫలమైందని ఒక వాక్యం వచ్చింది కాబట్టి. లాప్‌టాప్ కంపెనీల మీద నా ఫిర్యాదు అలాంటి వాక్యం చూపించకపోవడమే. పెన్‌డ్రైవ్‌ని తోసిపుచ్చినప్పుడు ఫ్యాట్32 దొరకలేదో, ఫైల్ లేదో, సంతకం కుదరలేదో యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌కి తెలుసు. తెలిసీ చాలాసార్లు ఆ ముక్క చెప్పకుండా పాత విండోస్‌ని తెరిచేస్తుంది. ఒక్క లైన్ చూపించడానికి కొత్త చిప్ అక్కర్లేదు, ధర పెంచక్కర్లేదు. చూపించేదాకా ఆ మూడింట్లో ఏదో పరీక్షించి తెలుసుకోవాల్సింది మనమే.